మూడువందల పన్నెండు లారీల వరస

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి ఆపరేటరు పుష్పకుమారి కంప్యూటర్ గది తలుపు తీసేసరికి సర్వరుకి బంతిపూల దండ వేసి ఉంది. పవర్ బటన్ మీద కుంకుమ బొట్టు. ఫ్లాపీ పెట్టే సందులో అక్షింతలు. పక్కనున్న యూపీఎస్ మీద సగం కొబ్బరి చిప్ప, దాని చుట్టూ తడి. నిన్న ఆఫీసులో విశ్వకర్మ పూజ అని ఆమెకు తెలుసు. ఏటా లారీలకీ, జాకీలకీ, పానాలకీ జరిగే పూజే. ఈసారి కంప్యూటర్‌ని కూడా కలుపుకున్నారన్నమాట.

దండ తీసి కిటికీ ఊచకి తగిలించింది. తల్లోంచి పిన్ను తీసి సందులోని గింజలు ఒక్కొక్కటే బయటికి లాగింది. పదకొండు వచ్చాయి. కొబ్బరి చిప్ప తీసి, యూపీఎస్‌ని కొంగుతో రెండుసార్లు తుడిచి, అప్పుడు బటన్ నొక్కింది. మిషను మామూలుగానే గుర్రుమంది. తెల్లటి అక్షరాలు పైకి పాకాయి. ఇంకాసేపటికి పేరూ పాస్‌వర్డూ అడగాలి. అడగలేదు. రూట్‌ని ఎక్కించుకోలేకపోతున్నానని ఒక వరస రాసి, కింద 'పానిక్' అన్న మాట వేసి ఆగిపోయింది. మళ్ళీ ఆపి మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే మాట.

ఆ డబ్బాలో ఉన్నది ఒరిస్సా కొండల్లో సెమిలిగుడ లారీ ఓనర్ల సంఘం వారి వరస. దామంజోడి అల్యూమినా ఫ్యాక్టరీకి సరుకెత్తే లారీలన్నీ ఈ యార్డులోకి వచ్చి నంబరు రాయించుకుని తమ వంతు కోసం ఆగుతాయి. వంతు రావడానికి పది రోజులు పట్టొచ్చు, పన్నెండు పట్టొచ్చు. ముప్ఫై లారీలున్న ఆసామికైనా, ఒక్క లారీ ఉన్నవాడికైనా వరస ఒక్కటే. రెండేళ్ళ కిందట, తొంభై ఆరులో, ఈ యూనిక్స్ మిషను వచ్చినప్పుడు సెక్రటరీ చంద్రశేఖరం గారు ఎర్ర అట్టల రిజిస్టర్లన్నీ అటక ఎక్కించేసి, ఇక కాగితంతో పనిలేదని ఊరంతా చాటారు. అప్పటినుంచీ ఏ పొద్దుకాపొద్దు ముందున్న ముప్ఫై నంబర్లు మాత్రం ప్రింటు తీసి గోడకి అంటించి, సాయంత్రానికి చింపేస్తారు. మిగతా వరసంతా డబ్బాలోనే. టేపు మీద కాపీ తీసే యంత్రం నాలుగు నెలలుగా మూలన పడి ఉంది. బాగుచేయించమని పుష్పకుమారి మూడు కాగితాలు పెట్టింది. ఆ మూడు కాగితాలూ ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

చంద్రశేఖరం పదింటికి వచ్చాడు. విజయనగరం వైపు నుంచి తాతల నాడే ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ హోల్‌సేలు కిరాణా కుటుంబం. మనిషి చెడ్డవాడు కాడు. మైకు ముందు ఉన్నప్పుడు మరీ మంచివాడు. కానీ తన చేత్తో ఏదైనా తప్పు జరగొచ్చన్న ఆలోచన ఆయనకి యాభై నాలుగేళ్ళలో ఒక్కసారీ తగల్లేదు.

"నిన్న మెయిన్ ఆపేరేటండి?" అని అడిగింది పుష్పకుమారి.

"ఆపకుండా పూజ ఎలగ సేస్తారు? ఆ రోజున యంత్రానికి విశ్రాంతి ఇవ్వాల. పంతులుగారు పది నలభై రెండుకి ముహూర్తం పెట్టేరు, సరిగ్గా ఆ టైముకి వాచీ సూసి మరీ ఆపేను. ఆపితే ఆ సిన్న డబ్బా కీచుకీచుమని మంత్రం మధ్యలో గోల. దాన్నీ ఆపేను."

"అలగ ఒక్కసారిగా ఆపకూడదండి. దానికి ముందర కమాండు కొట్టి, అది సర్దుకున్నాక..."

"లైటు ఆపుతాం, ఫేను ఆపుతాం. పాడైపోతున్నాయేటి?" గొంతు పెరిగింది. వరండాలో నలభై మంది డ్రైవర్లున్నారు. "బుధవారం సాయంత్రం దీని మీద ఆఖర్న సెయ్యేసింది నువ్వు. ఏదో నొక్కేసి ఎల్లిపోనావు. అందుకే పూజప్పుడు అది కీచుమంది. ఇప్పుడు నా పూజ మీదకి తోస్తావేటి?"

నలభై మందీ ఆమె వైపు చూశారు. బుధవారం సాయంత్రం వెళ్తూ వెళ్తూ, రేపు నేను కూడా రావాలా అండి అని ఆమె అడిగిన మాట నిజం. నువ్వు రానక్కర్లేదులే అమ్మీ, మీ చర్చివోళ్ళకి ఇవి పట్టవు గదా అని ఆయన నవ్వుతూ చెప్పిన మాటా నిజం. మంచి మనసుతోనే చెప్పాడు. ఆమె కూడా సెలవు దొరికిందని సంతోషపడి ఇంట్లో దుప్పట్లు ఉతుక్కుంది. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతోంది.

అప్పటికి ఆఫీసు ఫోను పనిచేస్తోంది. మిషను అమ్మిన కంపెనీ ఇంజనీరు శ్రావణ్‌కుమార్ విశాఖపట్నంలో ఉంటాడు. విషయం విని, వచ్చే గురువారం దాకా రాలేనన్నాడు. "రూట్ అంటే మిషను లేచి నిలబడ్డానికి కావల్సిన సామానంతా ఉండే చోటండీ. అక్కడ లెక్క చెదిరిపోయింది. ఎమర్జెన్సీ ఫ్లాపీలు రెండుంటే దాన్ని బయటినుంచి లేపి సరిచెయ్యొచ్చు. నేనే ఇచ్చాను కదా, ఉన్నాయా?"

ఉన్నాయి. అలమరలోంచి తీసి చూస్తే రెండింటి మీదా తెల్లటి బూజు. సెమిలిగుడలో జూన్ నుంచి ఎడతెరిపి లేని వాన. చెప్పులకీ, బైబిలు అట్టకీ పట్టే బూజు ఫ్లాపీలకి మాత్రం ఎందుకు పట్టదు?

చంద్రశేఖరం అంతా విని వరండాలోకి వెళ్ళాడు. సోమవారం పదింటిదాకా చూస్తామనీ, అప్పటికి పాత వరస దొరక్కపోతే నోటిమాటలు నమ్మకుండా యార్డులో ఎవరి లారీ ఎక్కడుంటే అక్కణ్ణుంచి కొత్త వరస రాయిస్తాననీ చెప్పాడు. లోపలికొచ్చి పుష్పకుమారితో మాత్రం గొంతు తగ్గించి, "కొత్త వరసతో పాటు కొత్త మనిషిని కూడా సూసుకోవాల్సొస్తాది అమ్మీ. సంఘం ఊరుకోదు. నా సేతిలో లేదు," అన్నాడు.

కొత్త వరస అంటే ఏమిటో మధ్యాహ్నానికే తెలిసిపోయింది. ముప్ఫై లారీల ఆసాములు ఎక్కడెక్కడి బళ్ళనో పిలిపించి యార్డు గేటు దగ్గర బారు తీర్చడం మొదలుపెట్టారు. పదకొండు రోజులుగా పడిగాపులు పడి, నాలుగో వంతుకి వచ్చి ఉన్న అసిరయ్య తన ఒకే ఒక్క లారీ బానెట్ మీద కూర్చుని వాళ్ళని చూస్తూ చుట్ట కాలుస్తున్నాడు. పాచిపెంట దగ్గర ఊరు ఆయనది. పుష్పకుమారి పుట్టకముందు నుంచీ ఈ ఘాటీలో బండి తోలుతున్నాడు.

"అమ్మీ, ఆ బూజట్టిన బిళ్ళలు కొత్తవి ఎక్కడ దొరుకుతాయేటి?" అని అడిగాడు.

"రాయగడలో కాగితం మిల్లు లారీలోళ్ళ ఆఫీసుంది మావయ్యా. ఇలాటి మిషనే. రెండూ ఒకే రోజు, ఒకే బండిలో వచ్చేయి. అక్కడ ఆపరేటరు జీవరాజు తయారుసేసి ఇస్తాడు. కాని బస్సెక్కి ఎల్లి రావడానికి..."

"బస్సెందుకు? రేపు పొద్దున్నే బయల్దేరదాం."

"నీ బండి యార్డులోంచి కదిలిస్తే సోమవారం కొత్త వరసలో ఆఖర్న పడతావు మావయ్యా!"

అసిరయ్య చుట్ట నలిపేశాడు. "ఇక్కడ నిలబడినా గేటు కాడ ఉన్న ఆ ఏబై బళ్ళ ఎనకే గదా. కూకుని ఏడిసే బదులు డీజిలు కాల్సుకుందాం."

ఆ మాటకి పుష్పకుమారికి ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది.

శనివారం తెల్లవారుతూనే లారీ కదిలింది. క్యాబిన్లో అసిరయ్య, పుష్పకుమారి, వాళ్ళిద్దరి మధ్యా పుష్పకుమారి తల్లి దొర్కా. పెళ్ళికాని కూతుర్ని ఒక్కతినీ లారీలో పంపడం ఇష్టం లేక వచ్చానని ఆమె చెప్పింది. కానీ అంచెలంచెల క్యారేజీ, పచ్చడి సీసా, దిండూ చూస్తే ఆమెకి ఈ ప్రయాణం పండగలాగే ఉందని తెలిసిపోతోంది. మిషన్ ఆస్పత్రిలో ముప్ఫై నాలుగేళ్ళు నర్సు పని చేసి రెండేళ్ళ కిందట దిగిపోయింది. అప్పటినుంచీ ఆమెకి తోచడం లేదు. ఎవరికైనా ఏదైనా అయితే బాగుణ్ణని అనుకునేంత మనిషి కాదు గానీ, అయ్యాక మాత్రం ముందు నడుస్తుంది.

కాకిరిగుమ్మ దాటేదాకా వాన. లక్ష్మీపురం ఘాటీలో తెరిపిచ్చింది. కొండల మీద అలసి అనే వెర్రినువ్వుల చేలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆపి దొర్కా అందరికీ ఉప్మా పెట్టింది. అసిరయ్య రెండుసార్లు వేయించుకున్నాడు. తన వంతు పోతుందన్న దిగులు ఆయన ముఖంలో ఎక్కడా కనిపించలేదు. కనిపించకపోవడంతో పుష్పకుమారికే ఇంకా భారంగా ఉంది.

జీవరాజు తలుపు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. ఫోన్లో చెప్పినప్పుడే కొత్త ఫ్లాపీల పెట్టె విప్పి ఉంచాడు. పుష్పకుమారి, ఆయన పక్కపక్కన కూర్చుని రెండు ఫ్లాపీలు తయారుచేశారు. ఒకటి మిషన్ని లేపేది, రెండోది లేచాక దాని చేతికి పనిముట్లు ఇచ్చేది. అయ్యాక జీవరాజు తన మిషన్నే ఒకసారి ఆపి, ఆ ఫ్లాపీలతో లేపి చూపించాడు. లేచింది. అయినా ఆయన తృప్తిపడక ఇంకో జత చేసి ఇచ్చాడు.

"మాకాడా మొన్న పూజ సేసేరు," అన్నాడు ఫ్లాపీల మీద పేర్లు రాస్తూ. "ముందురోజే నన్ను పిల్సి అడిగేరు. నేనెల్లి మిషన్ని పడుకోబెట్టి వచ్చేను. లడ్డూలు కూడా ఇచ్చేరు."

లడ్డూల మాట దొర్కాకి గుచ్చుకుంది. తిరిగి వచ్చేటప్పుడు రెండు మైళ్ళ పాటు దాని గురించే మాట్లాడింది.

లారీ ఎక్కగానే అసిరయ్య ఫ్లాపీల కవరు అందుకుని భద్రంగా ఉంటుందని డ్యాష్‌బోర్డు మీద, ఆంజనేయస్వామి బొమ్మకి ఆనించి పెట్టాడు. పుష్పకుమారి కెవ్వున అరిచి లాక్కుంది.

"ఏటైంది? దేవుడి కాడే గదా పెట్టేను!"

"దేవుడి తప్పు కాదు మావయ్యా. దేవుడి కింద అయస్కాంతం ఉంది. ఇందులో రాసిందంతా తుడిసిపెట్టేస్తాది."

అసిరయ్య బొమ్మ వంక అనుమానంగా చూసి, కాసేపాగి, "మరి ఆ పాటల డబ్బా స్పీకరు ఎనకాల కూడా అదే ఉంటాది," అన్నాడు. తనే టేపు రికార్డరు వైరు పీకేశాడు. సెమిలిగుడ వచ్చేదాకా పాటలు లేవు. పుష్పకుమారి ఫ్లాపీలు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ వాటి మీద ఉంచి కూర్చుంది. నిద్రొచ్చినప్పుడు తల్లి చేతుల్లోకి మార్చింది. దొర్కా వాటిని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఆదివారం చర్చి అయ్యేదాకా దొర్కా కూతుర్ని కదలనివ్వలేదు. పన్నెండున్నరకి ఆఫీసుకి వచ్చేసరికి ఫోను చచ్చిపోయి ఉంది. రాత్రి వానకి ఎక్కడో కేబులు నానింది. రోడ్డుకి అవతల ఎస్టీడీ బూతులో మాత్రం ఫోను పనిచేస్తోంది. మధ్యలో జాతీయ రహదారి, దాని మీద బళ్ళు. మిషను ఇక్కడ, శ్రావణ్‌కుమార్ గొంతు అక్కడ.

"నేనెల్తాను," అంది దొర్కా. "డాక్టరు ఫోన్లో మందు సెప్తే రాసుకుని, తిరిగి అప్పసెప్పి, అప్పుడు పేషెంటుకి ఇవ్వడం నాకు కొత్తేటి?"

ఆ విధంగా ఏర్పాటు జరిగింది. బూతులో దొర్కా. బూతు గుమ్మం దగ్గర అసిరయ్య. రోడ్డుకి ఇవతల ఇంకో డ్రైవరు. వరండాలో ఇంకొకడు. గదిలో పుష్పకుమారి. డ్రైవర్లలో చాలామందికి ఇంగ్లీషు చదవడం రాదు గానీ నంబరు ప్లేట్ల మీద ఉండే అక్షరాలూ అంకెలూ నిద్రలో కూడా తప్పు చెప్పరు. రోజూ పొద్దున్న వరస పిలిచేటప్పుడు యార్డు ఈ చివర్నుంచి ఆ చివరికి నంబర్లు అందించుకునే పద్ధతే ఇక్కడా పనికొచ్చింది. మెయిన్ స్విచ్ కింద ఇద్దరు స్టూళ్ళు వేసుకుని కాపలా కూర్చున్నారు. వాళ్ళని ఎవరూ అడగలేదు.

పుష్పకుమారి మొదటి ఫ్లాపీ పెట్టి బటన్ నొక్కింది. డ్రైవు కరకరలాడింది. రెండోది పెట్టమంది, పెట్టింది. రెండు నిమిషాలు స్క్రీను మీద ఏమీ లేదు. తర్వాత ఎడమ పక్కన చిన్న గుర్తు ఒకటి వెలిగి, ఏం చెయ్యమంటావు అన్నట్టు ఆగింది.

"లేచింది!" అని అరిచింది. వరండా అరిచింది, రోడ్డు అరిచింది, బూతు అరిచింది. విశాఖపట్నంలో భోజనం ముందు కూర్చున్న శ్రావణ్‌కుమార్ ఆ గోల ఫోన్లో విని ఏం ప్రమాదం జరిగిందోనని కంగారు పడ్డాడట.

ఆయన చెప్పడం, దొర్కా తిరిగి అప్పజెప్పడం, అసిరయ్య కేకెయ్యడం మొదలైంది.

"ఎఫ్పూ! ఎస్సూ! సీ! కే! తర్వాత ఖాళీ! అడ్డగీత! వై! మళ్ళీ ఖాళీ!"

"వాలుగీత!" అని రోడ్డు మీంచి వచ్చింది. "డీ! ఈ! వీ!"

మధ్యలో రెండు లారీలు హారన్లు కొట్టుకుంటూ వెళ్ళాయి. కేకలు ఆగాయి. అవి దాటాక పుష్పకుమారి మళ్ళీ మొదటినుంచి చెప్పించుకుంది. ఒక్కో అక్షరం కొట్టి, కొట్టిందంతా పైకి చదివి వెనక్కి పంపింది. దొర్కా నేర్పిన క్రమశిక్షణ ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి అబ్బకుండా ఉండదు. అటునుంచి సరే అని వచ్చాకే ఎంటర్ నొక్కింది.

మిషను చదవడం మొదలుపెట్టింది. ఇందులో అయిదు దశలు. ఒక్కోటీ అయినప్పుడల్లా పుష్పకుమారి చెప్తుంటే వరండా దాన్ని క్రికెట్ స్కోరులాగ బయటికి అందించింది. రెండో దశలో స్క్రీను నిండా తప్పులు వచ్చిపడ్డాయి. ఏ ఇంటికీ చెందని ఫైళ్ళు ఒక్కొక్కటీ తేలుతున్నాయి, మిషను వాటిని ఏరి ఒక పక్కన పెడుతోంది. మూడు. నాలుగు. అయిదో దశ అయ్యేసరికి యార్డులో వంట మానేసి అందరూ కిటికీ దగ్గరికి చేరారు. ఫ్లాపీ తీసి, పద్ధతిగా ఆపి, మళ్ళీ లేపింది. ఈసారి మిషను సొంత కాళ్ళ మీద లేచి, పేరు చెప్పమని అడిగింది.

పుష్పకుమారి పేరు కొట్టింది. పాస్‌వర్డు కొట్టింది. వరస చూపించే ప్రోగ్రాం పిలిచింది. ఫైలు లేదని వచ్చింది.

మళ్ళీ పిలిచింది. లేదు.

ఆ కబురు రోడ్డు దాటి వెళ్ళింది. చాలాసేపు తిరుగు కేక రాలేదు. దొర్కా ఫోను బూతువాడి చేతికిచ్చి, రోడ్డు దాటి, తనే లోపలికి వచ్చింది. కూతురి చెవి దగ్గర నెమ్మదిగా చెప్పింది. "మిషను బతికింది, లిస్టు పోయింది, ఇంక సెయ్యడానికేటీ లేదంటున్నాడు. ఈ మాట నేను అసిరయ్యకి ఇవ్వలేదు. డాక్టర్లు ఇలగ అన్న పేషెంట్లు నడిసి ఇంటికెల్లడం నేను సూసేను. నీకింకేటైనా తోస్తుందేటి?"

పుష్పకుమారి కళ్ళు తుడుచుకుంది. కిటికీలో నలభై ముఖాలు, దొర్కా వెనకే వచ్చిన అసిరయ్యది కూడా. ఆమెకి ఏడుపు కన్నా కోపం ఎక్కువగా ఉంది. కోపంలో మాత్రం ఆమెకి బుర్ర బాగా పనిచేస్తుంది. ఏ ఇంటికీ చెందని ఫైళ్ళని మిషను ఒక పక్కన పెట్టింది కదా. ఆ పక్క ఎక్కడ? ఆ అరలోకి వెళ్ళి చూసింది. ముప్ఫై ఏడు ఫైళ్ళున్నాయి. ఒక్కదానికీ పేరు లేదు, అన్నింటికీ అంకెలే. ఒక్కోటీ తెరిచి చూస్తే సాయంత్రం అవుతుంది.

"మావయ్యా," అని కిటికీలోంచి పిలిచింది, "నీ బండి నంబరు సెప్పు."

ఆమెకి ఆ నంబరు తెలుసు. అయినా ఆయన నోటి నుంచి వినాలనిపించింది.

"నలభై నాలుగు పదిహేడు!" అన్నాడు అసిరయ్య, ఏం జరుగుతోందో తెలియకుండానే, అటెన్షన్లో నిలబడి.

ఆ నాలుగంకెలూ ఏ ఫైల్లో ఉన్నాయో వెతకమని మిషన్ని అడిగింది. మిషను కాసేపు ఆలోచించి రెండు పేర్లు చెప్పింది. మొదటిది తెరిస్తే ఆగస్టు నెలది. రెండోది తెరిచింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో వరసలో నలభై నాలుగు పదిహేడు. చివరికి వెళ్ళింది. మూడువందల పన్నెండు. బుధవారం సాయంత్రం ఆరింటికి, ఇంటికెళ్ళబోతుంటే బతిమాలి రాయించుకున్న పొట్టంగి బండి నంబరు.

పుష్పకుమారి పెద్దగా నవ్వింది. తర్వాత ఏడ్చింది. రెండూ కలిసిపోయి వచ్చాయి. దొర్కా ఆమె తల పట్టుకుని తన కడుపుకి అదుముకుంది. బయట ఇంకా ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆమె కిటికీ దగ్గరికి వచ్చి, "అసిరయ్య మావయ్యా, నీ ముందు ఎవరు?" అని అడిగింది.

డ్రైవరుకి తన ముందున్న బండీ వెనకున్న బండీ గుర్తుండకపోవడం ఉండదు. అసిరయ్య చెప్పాడు. సరిపోయింది. ఇంకొకడు చెప్పాడు, సరిపోయింది. తర్వాత ఒకరిమీద ఒకరు పడి చెప్పడం మొదలుపెట్టారు. నలభై మందిలో ఒక్కటీ తప్పలేదు. మూడు కాపీలు తీసి, మొత్తం మూడువందల పన్నెండూ గోడకి అంటించేదాకా ఎవరూ అక్కణ్ణుంచి కదల్లేదు. శ్రావణ్‌కుమార్‌కి ఎవరో బూతుకి వెళ్ళి చెప్పేసరికి ఆయన చెయ్యి కడుక్కుంటున్నాడు.

సోమవారం తొమ్మిదిన్నరకి చంద్రశేఖరం కొత్త రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాడు. మూలలకి పసుపు రాసి ఉంది. గోడ మీద కాగితాలు, వాటి ముందు గుంపు చూసి ఆగిపోయాడు. కళ్ళద్దాలు పెట్టుకుని పైనుంచి కిందకి చదివాడు. గేటు దగ్గర బళ్ళు బారు తీర్చిన ముప్ఫై లారీల ఆసామి తాలూకు మనిషి ఒకడు, ఇదే పాత వరసని గ్యారంటీ ఏటని గొణిగాడు. డ్రైవర్లందరూ తమ ముందు బండి నంబరు ఒక్కసారే అరిచి చెప్పారు. ఆ మనిషి గేటు వైపు నడిచాడు.

చంద్రశేఖరం గదిలోకి వచ్చాడు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు. "మంచి పని సేసేవు అమ్మీ. ఏదైతేనేటి, బుధవారం నువ్వు పాడుసేసింది నువ్వే బాగుసేసుకున్నావు. సంఘానికి నేను సెప్తాను. నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

ఉద్యోగం నిలబడింది. పుష్పకుమారి కోరుకున్నది అదే. ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ మాట గొంతులో దిగలేదు. టేబులు మీదున్న ఒక కాగితం తీసి ఆయన ముందు పెట్టింది.

"ఈ మిషను అయిదు నిమిషాలకోసారి, నేను బాగానే ఉన్నానని టైము రాసుకుంటాదండి. పొద్దున్న ప్రింటు తీసేను. ఒకసారి సూడండి."

చంద్రశేఖరం వేలు పెట్టి చదివాడు. బుధవారం సాయంత్రం ఆరు. ఏడు. రాత్రంతా అయిదేసి నిమిషాలకి ఒకటి. గురువారం పొద్దున్న తొమ్మిది. పది. పదిన్నర. పది ముప్ఫై అయిదు. పది నలభై. దాని తర్వాత వరస ఆదివారం మధ్యాహ్నానిది. ఆయన వేలు పది నలభై మీదే ఉండిపోయింది. పది నలభై రెండుకి వాచీ చూసుకున్నది ఆయనే.

"బుధవారం బానే ఉందన్నమాట," అన్నాడు.

"బానే ఉందండి. పూజ సేసుకోవద్దని నేననను. నన్ను పిలిస్తే వచ్చేదాన్ని. రెండు నిమిషాల పని. దాన్ని పడుకోబెట్టి పక్కకి తప్పుకుంటే, అప్పుడు దండలేసుకున్నా, కొబ్బరికాయ కొట్టుకున్నా దానికేటీ కాదు."

చంద్రశేఖరం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చంకలో రిజిస్టరు తీసి టేబులు మీద పెట్టి బయటికి నడిచాడు. పది కావస్తోంది. వరస పిలిచే మైకు వరండాలో సిద్ధంగా ఉంది. ఆయన దాన్లోకి రెండుసార్లు ఊది, గొంతు సవరించుకున్నాడు.

"అందరూ ఇనండి. శుక్రవారం నాడు ఇక్కడ నిలబడి, మిషను పాడవడం పుష్పకుమారి తప్పని అన్నాను. ఆ పిల్లది ఏ తప్పూ లేదు. మెయిన్ ఆపింది నేను. తప్పు నాది."

గదిలో ప్రింటరు కాగితం సర్దుతున్న పుష్పకుమారి చెయ్యి ఆగింది. ఆ మాట ఆయన తనతో అంటాడేమోనని కూడా ఆమె ఆశపడలేదు. మైకులో వినపడేసరికి ఎక్కడ చూడాలో తెలియలేదు.

"ఎనకాల వోళ్ళకి ఇనపళ్ళేదండి! మళ్ళీ సెప్పండి!" అని అసిరయ్య కేకేశాడు. వెనకాల వాళ్ళకి బ్రహ్మాండంగా వినపడింది.

చంద్రశేఖరం మళ్ళీ చెప్పాడు. "తప్పు నాది."

జయపురం బండివాడొకడు చెయ్యెత్తి ఒడియాలో చెప్పమన్నాడు. చంద్రశేఖరం అతని వంక చూసి, నిట్టూర్చి, "భాయిమానే, దోషొ మోరొ," అన్నాడు. మూలనున్న పంజాబీ డ్రైవరుకి ఏమీ అర్థం కాలేదని పక్కవాడు చెప్పాడు. "గల్తీ మేరీ హై," అన్నాడు చంద్రశేఖరం. ఈసారి అందరూ నవ్వారు. నాలుగోసారి చెప్పేసరికి ఆయన గొంతులో బరువు కూడా దిగిపోయినట్టుంది, మూతి చివర ఆయనకీ నవ్వు వచ్చింది.

"ఇంకే భాషైనా మిగిలిందేటి?" అని అడిగాడు మైకులో.

కిటికీ రెక్క తెరుచుకుంది. వరసలో మొదటి నంబరు దసమంతపురం వైపు కొండ ఊరి ఆసామిది. తువ్వాలు తలకి చుట్టుకుని, అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక, లారీ మెట్టు మీద నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. పుష్పకుమారి ఆయన్ని చూసింది.

"దేశియా మిగిలిందండి," అంది.

చంద్రశేఖరం వెనక్కి తిరిగి ఆమెని చూశాడు. ఆమె కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. ఆయన మళ్ళీ మైకు వైపు తిరిగి, సంతల్లో కొండ ఊళ్ళవాళ్ళతో నలభై ఏళ్ళుగా మాట్లాడుతున్న ఆ దేశియాలో, ఆ తువ్వాలు మనిషికేసి చూస్తూ, తప్పు తనదని చెప్పాడు. తర్వాత మొదటి నంబరు పిలిచాడు.